జీఆర్86కి వీల్ స్పేసర్లు: ముందు 15, వెనక 20 వేద్దామనుకుంటున్నా

ఎర్రబండి_86 (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. బండి 2023 టొయోటా జీఆర్86 ప్రీమియం, మాన్యువల్. 18 అంగుళాల కంపెనీ వీల్స్, 215/40 టైర్లు. స్ప్రింగులతో సహా అన్నీ షోరూమ్ నుంచి వచ్చినవే. పక్కనుంచి చూస్తే ముద్దొస్తుంది. వెనక నుంచి చూస్తే మాత్రం అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంటుంది. ఫెండర్లేమో అంత వెడల్పు, చక్రాలేమో లోపలెక్కడో.

కొత్త వీల్స్ కొనే ఉద్దేశం లేదు, కంపెనీ వీల్ డిజైన్ నాకు నచ్చింది. అందుకే ముందు 15, వెనక 20 ఎంఎం స్పేసర్లు (చక్రం వెనక పెట్టి దాన్ని బయటికి జరిపే బిళ్ళలు) అనుకుంటున్నా. రోజూ ఆఫీసుకి టోల్‌వే మీద ఇదే బండి, అప్పుడప్పుడు ఆటోక్రాస్ (కోన్ల మధ్య టైమింగ్ పందెం). నెట్‌లో చూస్తే నాలుగు ముక్కలు 60 డాలర్లకీ ఉన్నాయి, 300కీ ఉన్నాయి. రెండూ గుండ్రటి అల్యూమినియం బిళ్ళలే కదా, తేడా ఏంటి? వారంటీ పోతుందా? చక్రం ఊడిపోతుందని భయపెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, నిజమేనా?

మా ఆవిడ ప్రశ్న వేరే ఉంది: "ఉన్న చక్రం అంగుళం బయటికి రావడానికి డబ్బులెందుకు?" దానికి జవాబు ఉంటే అదీ చెప్పండి.

సైలెన్సర్ (విశాఖపట్నం)

కొలిచావా? లేక ఎవరో 15/20 అన్నారని అదే పట్టుకున్నావా?

కృష్ణాతీరం (శాన్ హోసే)

ఫోటోలు పెట్టు బ్రో, వెనక నుంచి. ఫోటో లేని థ్రెడ్‌కి సలహాలుండవు.

టార్క్‌రెంచ్ (డిట్రాయిట్ దగ్గర)

ఎర్రబండి తమ్ముడూ, నా ఉద్యోగమే ఛాసిస్ పార్టుల టెస్టింగ్, కాబట్టి కాస్త సాగదీస్తా. టీ పెట్టుకుని చదువు.

బండి బరువు స్టడ్ల (నట్లు ఎక్కే మరల) మీద కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. నట్టు బిగిస్తే స్టడ్ కొద్దిగా సాగుతుంది. సాగిన స్టడ్ తిరిగి ముడుచుకోవాలని చూస్తూ చక్రాన్ని హబ్ (చక్రం బిగించే, దానితో పాటు తిరిగే భాగం) మొహానికి అదిమి పెడుతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే బరువు మోస్తుంది, బ్రేకు తొక్కినప్పుడు బండిని ఆపుతుంది. నీ బండికి ఎం12 × 1.25 (12 ఎంఎం లావు, మర చుట్టుకి 1.25 ఎంఎం) స్టడ్లు, బిగింపు 120 న్యూటన్ మీటర్లు, అంటే 89 ఫుట్ పౌండ్లు. పొడి థ్రెడ్ల మీద ఆ లెక్కకి ఒక్కో స్టడ్ దాదాపు 5 టన్నుల బలంతో లాగుతుంది. అయిదు స్టడ్లు కలిపి ఒక్కో చక్రానికి 25 టన్నులు. అందుకే చక్రం జారదు.

ఇప్పుడు మధ్యలో స్పేసర్ పెట్టావు. ఒక అతుకు ఉన్నచోట రెండు అతుకులు వచ్చాయి. రెండు పక్కలా మొహాలు చదునుగా ఉండి, మధ్యలో తుప్పు, పెచ్చు, మందపాటి పెయింట్ లేకపోతే ఆ 25 టన్నులూ అలాగే ఉంటాయి. అప్పుడు చక్రం ఊడిపోవడానికి కారణమే లేదు. ఎక్కడో ఒక పెచ్చు ఇరుక్కుంటే, నాలుగు రోజుల్లో అది నలిగి పొడై, స్టడ్ సాగుడు తగ్గి, నట్టు వదులవుతుంది. చక్రాలు ఊడిన ఉదంతాల్లో ఎక్కువ ఇలాంటివే. స్పేసర్ ముక్కలవడం తక్కువ.

60 డాలర్లకీ 300కీ తేడా సరిగ్గా ఇక్కడే. మంచివాటిలో 6061-టీ6 లేదా 7075 అల్యూమినియం, దిమ్మ నుంచి చెక్కినవో ఫోర్జింగ్ చేసినవో. రెండు మొహాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి, మధ్య రంధ్రం నీ హబ్ కొలతకి సరిపోతుంది, స్టడ్ల గ్రేడ్ కూడా చెప్తారు. చౌకవాటిలో ఒకే ముక్క పది బండ్లకి సరిపోవాలని మధ్య రంధ్రం పెద్దగా తొలిచేస్తారు. నీ బండికి పీసీడీ (స్టడ్లు ఎన్ని, అవి ఉన్న వృత్తం వ్యాసం ఎంత) 5×100, మధ్య రంధ్రం 56.1 ఎంఎం. పెట్టె మీద ఈ రెండు అంకెలూ లేని స్పేసర్ ఊరికే ఇచ్చినా తీసుకోకు.

ఇంకొకటి. థ్రెడ్లకి గ్రీజు, ఆయిల్, యాంటీ సీజ్ ఏదీ రాయొద్దు. రాస్తే అదే 120 బిగింపుకి స్టడ్ మూడోవంతు ఎక్కువ లాగబడుతుంది, దాని హద్దు దగ్గరికి వెళ్ళిపోతుంది. యాంటీ సీజ్ హబ్ మధ్యలో పైకి లేచిన అంచుకి పల్చగా రాసుకో, అల్యూమినియం ఇనుముకి పట్టేయకుండా.

ఎర్రబండి_86

టార్క్‌రెంచ్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. హబ్ అంచు అన్నారు కదా, దాని గురించి కూడా చెప్పండి. 3 ఎంఎం, 5 ఎంఎంవి చూస్తే మధ్యలో అంచు లేకుండా ఉట్టి రేకుల్లా ఉన్నాయి.

కృష్ణాతీరం

ఇది నేను చెప్తా, నాది మొదటి తరం సుబారు బీఆర్‌జెడ్, 86 లాంటి బండే, అన్న చెప్పిన కొలతలే.

హబ్ మధ్యలో గుండ్రంగా పైకి లేచిన అంచు మీద చక్రం కూర్చుంటుంది. నట్లు బిగించేదాకా చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టడం దాని పని. 3 ఎంఎం స్పేసర్ వేస్తే ఆ అంచులో ఇంకా కొంత మిగులుతుంది, చక్రం పట్టుకుంటుంది. 5 వేస్తే మిగిలేది తక్కువ, వీల్ రంధ్రం అంచుకి వాలు చెక్కు ఉంటే అసలు పట్టుకోకపోవచ్చు. అప్పుడు శంకు ఆకారపు నట్లే చక్రాన్ని మధ్యకి తేవాలి. తెస్తాయి కూడా, కానీ చక్రం గాల్లో ఉండగా బిగించాలి. బండిని కిందికి దించి బిగిస్తే చక్రం ఒక వెంట్రుక వాసి పక్కకి కూర్చుంటుంది. 65 మైళ్ళ వేగం దగ్గర స్టీరింగు వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు.

మందాన్ని బట్టి లెక్క ఇలా ఉంటుంది. 5 లోపు: కంపెనీ స్టడ్ల మీద ఉట్టినే తొడిగేవి. నట్టు ఎన్ని చుట్లు పడుతోందో లెక్కపెట్టు. ఎం12 స్టడ్‌కి 12 ఎంఎం లోతు పట్టాలి, అంటే తొమ్మిదిన్నర చుట్లకి తక్కువ కాకూడదు. 7 నుంచి 12 దాకా: ఇదే ఇరకాటం. కంపెనీ స్టడ్ సరిపోదు, బోల్ట్ ఆన్ స్పేసరుకి మందం చాలదు. పొడుగు స్టడ్లు ప్రెస్ చేయించుకోవాలి. 15 ఆపైన: బోల్ట్ ఆన్. స్పేసర్ హబ్‌కి ఒక సెట్ నట్లతో, చక్రం స్పేసర్ స్టడ్లకి ఇంకో సెట్‌తో.

పొడుగు స్టడ్లు వేస్తే మూత ఉన్న నట్లు తీసేసి రెండు వైపులా తెరిచినవి వాడాలి. ఇది చాలామంది వదిలేస్తారు. స్టడ్ కొస మూతకి తగిలి ఆగిపోతుంది, టార్క్ రెంచ్ "టిక్" అంటుంది, మనం బిగిసిందనుకుంటాం. చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది.

కోన్‌కిల్లర్ (హ్యూస్టన్)

ఆటోక్రాస్ అన్నావు కాబట్టి ఒక మాట. ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్) స్ట్రీట్ కేటగిరీలో పరిగెడితే ఆఫ్‌సెట్ (వీల్ మధ్య గీతకీ హబ్‌కి ఆనే మొహానికీ ఉన్న దూరం) కంపెనీదానికి 7 ఎంఎం అటూ ఇటూ దాటకూడదు. స్పేసర్ వెయ్యొచ్చు, కానీ మొత్తం ఆ లోపే ఉండాలి. 15, 20 వేస్తే క్లాస్ మారిపోతావు, అక్కడ నీ ఎదురుగా వెడల్పాటి వీల్స్, మార్చిన స్ప్రింగులు. సరదాకే అయితే పట్టించుకోకు.

హ్యాండ్లింగ్ కూడా బాగుపడుతుంది, వెడల్పు పెరిగితే బండి నేలకి అతుక్కుంటుంది.

టార్క్‌రెంచ్

కోన్‌కిల్లర్ గారూ, అక్కడే నాకు అభ్యంతరం. లెక్క వేద్దాం. ఈ బండికి ముందు చక్రాల మధ్య దూరం 1520 ఎంఎం, వెనక 1550. ముందు 15 వేస్తే 1550 అవుతుంది, రెండు శాతం పెరిగినట్టు. వెనక 20 వేస్తే 1590, రెండున్నర శాతం. మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి మారే బరువు దాదాపు అంతే తగ్గుతుంది. రెండు శాతం తేడా డ్రైవర్ సీట్లో ఎవరికి తెలుస్తుంది? టైరు గాలి కొంచెం అటూ ఇటూ అయితే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

పోగొట్టుకునేది మాత్రం తెలుస్తుంది. స్టీరింగు తిరిగే ఇరుసు నేలని తాకే చోటికీ టైరు మధ్యకీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. ముందు చక్రం 15 బయటికి వెళ్తే అదీ సుమారు 15 మారుతుంది. డిజైన్ చేసినవాళ్ళు ఒకటి రెండు ఎంఎం కోసం కొట్టుకునే చోట ఇది పెద్ద మార్పు. ఒక పక్క చక్రం తడి మీద, ఇంకో పక్క పొడి మీద ఉండగా గట్టిగా బ్రేకు తొక్కితే స్టీరింగు చేతిలోంచి లాగుతుంది. లారీలు తొక్కిన గాడుల్లో బండి తనంతట తానే దారి చూసుకుంటుంది. అదే స్ప్రింగుకి మీట పొడుగైంది కాబట్టి సస్పెన్షన్ కూడా కొంచెం మెత్తబడుతుంది. బేరింగు మీద మెలితిప్పే బలం పెరుగుతుంది.

ఇవన్నీ ప్రమాదాలని అనను. చూపు కోసం వేసుకుంటున్నానని ఒప్పుకుని వేసుకో, తప్పు లేదు. హ్యాండ్లింగ్ పేరు మాత్రం చెప్పకు.

కోన్‌కిల్లర్

అన్నా, పేపరు లెక్కలు నాకు తెలీదు. ముందు మాత్రమే 5 వేస్తే బండి మలుపులోకి త్వరగా తిరిగింది, అది నా చేతులకి తెలిసింది.

టార్క్‌రెంచ్

తిరిగే ఉంటుంది. ముందు ఒక్కటే వెడల్పు చేస్తే ముందు వెనకల మధ్య బ్యాలెన్స్ ఆ వైపే జరుగుతుంది. కానీ ఆ పని కొంచెం నెగటివ్ క్యాంబర్‌తో (చక్రం పైభాగం లోపలికి వాల్చడం) ఇంకా బాగా అవుతుంది, ఆఫ్‌సెట్ ముట్టుకోకుండా.

గచ్చిబౌలి_జీటీ (హైదరాబాద్)

నాది మస్టాంగ్ జీటీ, మొదట్ల ఇండియాకి వచ్చిన బ్యాచ్‌ల కొన్నది. మా దగ్గర ఏమైందో చెప్తా, మీకు అక్కరకొస్తది.

సిటీల ఒక యాక్సెసరీస్ షాపుల 25 ఎంఎం బోల్ట్ ఆన్ పెట్టించిన. వాళ్ళే తెచ్చిన్రు, వాళ్ళే బిగించిన్రు. ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి వంద దాటంగనే స్టీరింగు వణుకుడు షురూ. మళ్ళ పోతే "బ్యాలెన్సింగ్ సార్" అన్నరు. బ్యాలెన్సింగ్ చేసిన్రు, మళ్ళ అదే వణుకుడు. "టైర్లు పాతవి సార్" అన్నరు. టైర్లు కొత్తయే!

ఆఖరికి తెలిసిన మెకానిక్ దగ్గర చక్రం విప్పి చూస్తే అసలు సంగతి బయటపడ్డది. మస్టాంగ్ హబ్ 70.5. ఆ స్పేసర్ రంధ్రం 74. పీసీడీ 5×114.3 సరిపోయింది కాబట్టి ఎక్కింది గని, హబ్ మీద కూసోలేదు. హబ్ అంచుకి ఒక్క పక్కనే నెలవంక లెక్క మెరుపు గీత, అవుతలి పక్క తుప్పు అట్లనే ఉన్నది. అంటే స్పేసర్ ఒక్క దిక్కే ఒరిగింది. ఇంకో సంగతి, లోపలి నట్లు అయిదిట్ల రెండు చేత్తోనే తిరిగినయ్. ఇంపాక్ట్ గన్‌తోని టర్ టర్ మని కొట్టి వదిలేసిన్రు, టార్క్ రెంచ్ ఆ షాపుల ఉన్నట్టే లేదు. మస్టాంగ్‌కి 150 ఫుట్ పౌండ్లు కావాలె.

పీకి పడేసిన. పైసలు వాపస్ రాలే, అది వేరే కథ.

సైలెన్సర్

ఇండియాలో ఉన్నవాళ్ళకి చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

రోడ్డు మీద కానిస్టేబుల్ టైరు వెనక్కి చెయ్యి పెట్టి చూడడనుకో. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయరు మాత్రం చూస్తాడు, ఫోటోలు కూడా తీస్తాడు.

గచ్చిబౌలి_జీటీ

నిజమే భయ్యా. పైనుంచి మా రోడ్లకి టైరు ఫెండర్ బయటికి వచ్చిందనుకో, వానాకాలంల తలుపుల మీద అంతా బురదే.

బవేరియా_బాబాయ్ (మ్యూనిక్)

మా ఊళ్ళో కానిస్టేబుల్ చెయ్యి పెట్టి చూస్తాడండీ, టార్చి కూడా వేస్తాడు!

నాది పోర్షా 718 కేమన్. జర్మనీలో మంచి కంపెనీ స్పేసర్ కొంటే పెట్టెలో టైలెగుటాఖ్టెన్ అనే కాగితం వస్తుంది. ఏ బండికి, ఏ చక్రంతో, ఎంత మందం, ఏ బోల్టు, అన్నీ అందులో ఉంటాయి. బిగించాక టుఫ్ లాంటి తనిఖీ సంస్థకి తీసుకెళ్ళి చూపించాలి. వాళ్ళు బండిని ర్యాంపు మీద ఒక చక్రం ఎత్తి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, టైరు ఎక్కడైనా రాస్తోందేమో చూస్తారు. చక్రం మధ్య నుంచి నిట్టనిలువు గీత గీస్తే, ముందుకి 30 డిగ్రీలు, వెనక్కి 50 డిగ్రీల మేర టైరు పై భాగం ఫెండర్ కింద దాగి ఉండాలి. సరిపోతేనే కాగితాల్లో ఎక్కుతుంది. ఎక్కించకుండా తిరిగితే బండికి రోడ్డు మీద తిరిగే అనుమతే పోయినట్టు.

మొదట్లో ఇదంతా అతి అనిపించేది. ఇప్పుడు మాత్రం ఆ కాగితం లేని స్పేసర్ని ఏ దేశంలో ఉన్నా కొనను. అమెరికాలో ఉన్న తమ్ముడు కూడా జర్మన్ కంపెనీ స్పేసరే వెతుక్కుంటే మేలు, అక్కడికీ అమ్ముతారు.

పోర్షా వాళ్ళకి ఇంకో జాగ్రత్త. మాకు నట్లు ఉండవు, ఎం14 × 1.5 బోల్టులు. వాటి తల కింద భాగం గోళాకారం. బయట దొరికేవి ఎక్కువగా శంకు ఆకారం. శంకు బోల్టు గోళపు గుంటలో పెడితే సన్నటి గీత మీదే ఆనుతుంది, మొత్తం మొహం పట్టదు. బిగింపు 160 న్యూటన్ మీటర్లని రెంచ్ చెప్తుంది, బోల్టు మాత్రం దేన్నీ సరిగ్గా పట్టుకుని ఉండదు.

ఎర్రబండి_86

చాలా సంగతులు తెలిశాయి, అందరికీ థాంక్స్. సైలెన్సర్ గారు కొలవమన్నారు కదా, ఎలా కొలవాలో కూడా చెప్పండి. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, కాబట్టి అడిగేవాడు లేడు. నేనే చూసుకోవాలి.

సైలెన్సర్

దారానికి ఒక నట్టు కట్టు. ఫెండర్ అంచు మీద, సరిగ్గా చక్రం మధ్యకి ఎదురుగా, టేపుతో అతికించి వేలాడదీయి. దారానికీ టైరు పక్క ఉబ్బుకీ మధ్య ఎంతుందో స్కేలుతో చూడు. రిమ్ముకి కాదు, టైరు ఉబ్బుకి. చాలామంది రిమ్ము చూసి కొనేసి తర్వాత ఫెండర్ సుత్తితో కొడుతుంటారు. నాలుగు చక్రాలకీ విడివిడిగా చూడు, ఎడమకీ కుడికీ రెండు మూడు ఎంఎం తేడా ఉండటం మామూలే.

వచ్చిన దాంట్లో కనీసం 4, 5 ఎంఎం వదిలేసి మిగతాదే స్పేసర్ మందం. తర్వాత జాకీతో ఒక్క చక్రం కిందనుంచి సస్పెన్షన్ పైదాకా నొక్కి చూడాలి. ముందు చక్రాలు అటు చివరికి, ఇటు చివరికి తిప్పి మళ్ళీ చూడాలి. లోపలి ప్లాస్టిక్ లైనర్ స్క్రూలు ఉన్నచోట ముందు రాస్తుంది.

కృష్ణాతీరం

ఇంకో పని: చక్రం విప్పి బోర్లించి దాని వెనక మొహం చూడు. స్టడ్ రంధ్రాల మధ్యలో గుంటలు ఉన్నాయా? 15 ఎంఎం బోల్ట్ ఆన్ వేస్తే కంపెనీ స్టడ్ కొసలు స్పేసర్ మొహం దాటి బయటికి పొడుచుకొస్తాయి. గుంటలు ఉంటే అవి అందులోకి వెళ్ళిపోతాయి. లేకపోతే చక్రం ఆ కొసల మీద కూర్చుంటుంది, మొహానికి తగలదు. ఎంత బిగించినా వృథా. గుంట లోతు కొలువు, కొసల పొడవు కొలువు, అప్పుడు ఆర్డర్ పెట్టు. స్టడ్లు కోసెయ్యమని కొన్ని కిట్ల పేపర్లోనే రాసుంటుంది. కోస్తే మళ్ళీ స్పేసర్ లేకుండా నడపలేవు, అది గుర్తుంచుకో.

కొత్త బండి కాబట్టి డిస్కు మీద స్టడ్లకి పల్చటి రేకు బిళ్ళలు కూడా ఉండొచ్చు. ఫ్యాక్టరీ లైన్లో డిస్కు జారకుండా తొడుగుతారు. అవి ఉంటే పీకి పారెయ్యి, వాటి మీద స్పేసర్ చదునుగా కూర్చోదు.

నిమ్మకాయ_మిర్చి (నెల్లూరు)

ఇన్ని తలనొప్పులెందుకయ్యా, సరైన ఆఫ్‌సెట్ ఉన్న వీల్స్ కొనుక్కోరాదా?

టార్క్‌రెంచ్

నిమ్మకాయ గారు నవ్వుతూ అన్నా అసలు మాట అదే.

ఇప్పుడున్న వీల్ 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 48. దానికి 20 స్పేసర్ వేస్తే ఆఫ్‌సెట్ 28 అయినట్టు. బయటి అంచు 20 బయటికి వస్తుంది, టైరు మాత్రం అదే 215. దాని బదులు 8.5 అంగుళాల వీల్, ఆఫ్‌సెట్ 38ది తీసుకో. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అంటే పక్కకి 12.7. ఆఫ్‌సెట్ 10 తగ్గింది. బయటి అంచు 22.7 బయటికి వస్తుంది. లోపలి వైపు 2.7 మాత్రమే లోపలికి వెళ్తుంది. నీకు కావలసిన చూపు వచ్చింది, 235, 245 టైరు కూడా పడుతుంది. అప్పుడు హ్యాండ్లింగ్ బాగుపడిందని కోన్‌కిల్లర్ గారు అంటే నేనూ చప్పట్లు కొడతా. ఒకటే అతుకు, ఒకటే సెట్ నట్లు. ముందు స్క్రబ్ రేడియస్ కూడా 15కి బదులు 10 మాత్రమే మారుతుంది.

ఖర్చు నాలుగైదు రెట్లు, నిజమే. మంచి స్పేసర్లు నాలుగు 250 డాలర్ల చుట్టుపక్కల, ఫ్లో ఫార్మ్‌డ్ వీల్స్ వెయ్యి దాటుతాయి, టైర్లు వేరే. పాత వీల్స్ అమ్మితే కొంత వస్తుంది.

వారంటీ అడిగావు. అమెరికాలో మాగ్నసన్ మాస్ చట్టం ఉంది. స్పేసర్ వేశావని మొత్తం వారంటీ రద్దు చెయ్యలేరు. అయితే వీల్ బేరింగ్ పోయిందని వెళ్తే, స్పేసర్ వల్లే అని చూపించడం వాళ్ళకి కష్టమేమీ కాదు.

ఎర్రబండి_86

కొలిచా. వెనక రెండు పక్కలా 25, 27. ముందు 18, 19. చక్రం వెనక గుంటలున్నాయి, కొసలకి లోతు సరిపోతోంది. రేకు బిళ్ళలు రెండు దొరికాయి, పీకేశా.

వీల్స్ ప్రస్తుతానికి కుదరదు అన్నా, ఇంట్లో ఆమోదం 250 దాకానే. వెనక మాత్రమే 20 వేస్తా. ముందు ముట్టుకోను, స్క్రబ్ సంగతి విన్నాక ముందు వెయ్యబుద్ధి కాలేదు.

కోన్‌కిల్లర్

వెనక ఒక్కటే వేస్తే వెనక గ్రిప్ పెరిగి ముందు జారుతుంది, బండి తిరగదు!

టార్క్‌రెంచ్

రెండున్నర శాతమే కదండీ. పార్కింగ్ లాట్‌లో కోన్ల మధ్య మీలాంటి చెయ్యి తిరిగినవాళ్ళకి తెలియొచ్చు, ఆఫీసు దారిలో తెలీదు. నా ఓటు కూడా వెనక మాత్రమే.

బిగించేటప్పుడు: హబ్ మొహం వైర్ బ్రష్‌తో లోహం కనపడేదాకా రుద్దు, గుడ్డతో తుడువు. స్పేసర్ చేత్తో తొడుగు. సుత్తి అవసరమైతే ఏదో తప్పుందన్నమాట. తొడిగాక ఏ పక్కనైనా ఊగుతోందేమో చూడు. కిట్‌తో వచ్చిన నట్లే వాడు, అవి స్పేసర్ మొహం కంటే లోపలికి ఉండాలి. గుంటలో దూరడానికి పల్చటి గోడ సాకెట్ కావాలి. ఒకటి విడిచి ఒకటి, నక్షత్రం వరుసలో, మొదట సగం బిగింపు, తర్వాత పూర్తి. డిస్కు తిరగకుండా ఒకరిని బ్రేకు తొక్కమను. ఆ తర్వాత చక్రం, దానికీ అదే వరుస. ఇంపాక్ట్ గన్ గ్యారేజీలో మూలన పెట్టెయ్యి. థ్రెడ్ లాక్ (మర వదులవకుండా వేసే జిగురు) సంగతి కిట్ పేపర్లో ఏముంటే అదే. కొందరు వెయ్యమంటారు, కొందరు వద్దంటారు.

50 మైళ్ళ తర్వాత మళ్ళీ బిగింపు చూడాలి. అందరూ బయటి నట్లే చూస్తారు. వదులయ్యేవి లోపలివి. కాబట్టి చక్రం మళ్ళీ విప్పాలి, బద్ధకించకు. టైరు షాపుకి వెళ్ళినప్పుడల్లా స్పేసర్ ఉందని ముందే చెప్పు.

మోడరేటర్

అమ్మకాల లింకులు రెండు తీసేశాం. కొనుగోలు విభాగంలో పెట్టుకోండి.

కొత్తచక్రం (బెంగళూరు)

థ్రెడ్ మొత్తం చదివానండీ, చాలా ఉపయోగపడింది. నాది బీఎండబ్ల్యూ ఎం340ఐ. నట్లు కాదు, బోల్టులు, ఎం14 × 1.25. వెనక 12 ఎంఎం స్పేసర్ వెయ్యాలని ఉంది. చట్టం సంగతి సైలెన్సర్ గారు చెప్పింది చదివాను, ప్రస్తుతం ట్రాక్ డేలకి వేసి తీసేద్దామని ఆలోచన. బోల్టు ఎంత పొడుగు తీసుకోవాలి? ఎక్కువ పొడుగైతే ఇంకా భద్రం కదా?

బవేరియా_బాబాయ్

కాదండీ. 12 స్పేసర్ అంటే ఇప్పుడున్న బోల్టు కంటే సరిగ్గా 12 పొడుగు. తక్కువైతే థ్రెడ్ చాలదు, ఎక్కువైతే కొస హబ్ వెనక్కి దాటి తిరగని భాగాలకి తగులుతుంది. కొన్ని బండ్లలో హ్యాండ్‌బ్రేక్ షూలు అక్కడే ఉంటాయి. బిగించాక చక్రం గాల్లో ఉండగానే చేత్తో రెండు చుట్లు తిప్పి, ఎక్కడైనా గీరిన చప్పుడు వస్తోందేమో వినండి. ఐదు రంధ్రాల పీసీడీ 5×112, మధ్య రంధ్రం 66.6 ఉన్నదే తీసుకోండి. పాత బీఎండబ్ల్యూలవి 5×120, 72.6, అవి మీకు పనికిరావు. షాపులో "బీఎండబ్ల్యూదే సార్" అని అదే చేతిలో పెడతారు.

ట్రాక్‌కి వేసి తీసేస్తానంటున్నారు కాబట్టి, స్పేసర్ తీసిన రోజు పొడుగు బోల్టులు కూడా తీసెయ్యాలి. వాటితోనే ఉట్టి చక్రం బిగిస్తే 12 ఎంఎం అదనంగా లోపలికి పొడుచుకుంటుంది. పాత బోల్టులు ఒక సంచిలో కట్టి డిక్కీలోనే ఉంచండి. దారిలో పంక్చరైతే స్టెప్నీకి స్పేసర్ తీసి, ఆ పొట్టి బోల్టులే వెయ్యాలి.

కొత్తచక్రం

స్టెప్నీ సంగతి అసలు తట్టలేదండీ. లాక్ బోల్టు ఒకటి చక్రానికి ఉంది, దానికి కూడా పొడుగుది దొరుకుతుందా?

బవేరియా_బాబాయ్

దొరుకుతుంది, విడిగా కొనాలి. దాని తాళం సాకెట్ వేరే ఉంటుంది, అది కూడా ఆ సంచిలోనే వెయ్యండి.